మైనస్ నలభై డిగ్రీల బండి

మా బాపు బస్సెక్కుడు బందు చేసి అప్పటికి ఆరేండ్లయింది. మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగినోళ్లకు ఇదేం కొత్త ముచ్చట కాదు. చిన్నప్పటి సంది ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు. మోకాళ్లు వంగవు, నడుము వంగది, మెడ తిరగది. పక్క నుంచి ఎవలన్న పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తడు. ఇప్పుడు ఇంటింటికి నల్లాలల్ల కృష్ణ నీళ్లు వస్తున్నయి. మా బడి పిల్లలు నవ్వితే పండ్లు తెల్లగ మెరుస్తయి. అది చూసి బాపు మస్తు సంబరపడ్తడు. ఆయన మోకాళ్లకు మాత్రం ఆ నీళ్లు ఆలస్యంగ అందినయి.

నేను సర్కారు హైస్కూల్ల ఫిజిక్స్ చెప్త. మా ఆయనకు కరెంటాఫీసుల నౌకరి, ఆయనకు ఆదివారం లేదు, పండుగ లేదు. నాకు అన్నదమ్ములు లేరు, అందుకే అమ్మ, బాపు మా దగ్గర్నే ఉంటరు. బాపు కోసమని హుజూర్‌నగర్ల ఒకాయన దగ్గర పాత పెట్రోల్ కారు ఒకటి కొన్నం. చిన్నది, తెల్లది. బాపు చిన్నతనంల దొర ఇంట్ల బర్లు కాసిండు, దొర జీపు పోతుంటే ఎనక లేసే దుమ్మునే చూసిండు. అసుంటి మనిషి మా ఇంటి ముంగట ఆగిన కారు సుట్టు మెల్లమెల్లగ ఒక సుట్టు తిరిగి, టైరు మీద చెయ్యి వెట్టి, "మనదేనా బిడ్డా?" అని అడిగిండు. అమ్మ బానెట్ మీద రెండు చేతులు పెట్టి ప్రార్థన చేసింది. నలభై రెండేండ్ల వయసుల నేను డ్రైవింగ్ నేర్చుకున్న. మొదటి నెలల మా గోడకు ఒకసారి, పక్కింటోళ్ల గోడకు ఒకసారి తగిలిచ్చిన. ఆ రెండు గీతలు ఇప్పటికీ ఉన్నయి.

దసరా సెలవులు అయిపోయినంక కొత్తకోట నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. బాపుకు ఒక్కతే అక్క. ఆమె కండ్లకు మోతిబిందు అయ్యి ఏండ్ల సంది అంతా మబ్బుమబ్బుగ కనవడేది. దవాఖానల రెండు కండ్లకు ఆపరేషన్ చేసిండ్రు.

"ఇప్పుడు అద్దం లెక్క కనవడ్తాందిరా" అన్నది బాపుతోని. "గోడ మీద పోయే చీమ కనవడ్తాంది. నీ మొకమే చూడలే. ఎప్పుడొస్తవ్?"

బాపు ఫోన్ పట్టుకొని నా దిక్కు మొత్తం తిరిగిండు. "రెండో శనివారం వస్తమని చెప్పు" అన్న నేను. ఇంకా రెండు వారాలున్నది. అమ్మకు ఆ రోజు సంగంల ఆడోళ్ల ప్రార్థన కూడిక ఉండె, ఆమె రానన్నది. బాపు, నేను పోవుడు ఖాయమైంది.

తెల్లారి బడికి పోదామని తాళం తిప్పితే, స్టీరింగు ముంగట పసుపుపచ్చ లైటు వెలిగింది. చిన్న ఇంజిన్ బొమ్మ. బండి స్టార్టయింది గని నల్ల పొగ వచ్చింది, పెట్రోల్ వాసన గుప్పుమన్నది. అరుగు మీద కుర్చీల కూసున్న బాపు చెయ్యి లేపి, "ఆగు" అన్నడు.

"ఏంది బాపు?"

"ఫ్యాను ఇను. బండి ఇంకా సల్లగనే ఉన్నది గదా, అప్పుడే ఎందుకు గంతగనం తిరుగుతాంది?"

నాకు అప్పటిదాంక ఫ్యాను చప్పుడు ఏదో, ఇంజిన్ చప్పుడు ఏదో తెల్వది. బాపుకు తెలుసు. ఆయన ముప్పై ఏండ్లు బోరు మోటర్లు బాగుచేసిండు. కాలిన మోటర్లకు రాగి తీగ సుట్టుడు, స్టార్టర్ డబ్బాలు విప్పుడు, అదే ఆయన బతుకుదెరువు. సదువు రాదు, అంకెలు మాత్రం వస్తయి. బండిని మాల్ ఊరికి పోయే తొవ్వల ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకపోయిన. మేస్త్రి బానెట్ లేపి ఒక నిమిషం చూసి, "సెన్సార్ పోయింది మేడం, గీ మోడల్ పార్టు తెప్పియ్యాలె, మూడు వారాలన్న పడతది" అన్నడు.

"ఏ సెన్సార్?"

"ఏదో ఒకటి పోయింది మేడం. మార్చుకుంట పోతే దొరుకుతది."

ఇంటికొచ్చి చెప్తే బాపు నవ్విండు. "మోటరు నడ్వకపోతే రైతు మోటరే కాలిందంటడు. విప్పి చూస్తే స్టార్టర్ కాడ వైరు ఊడి ఉంటది. రోగం ఒకకాడ ఉంటే నొప్పి ఇంకోకాడ ఉంటది బిడ్డా. ముందు రోగం ఎక్కడుందో చూడు, పార్టు తర్వాత."

ఎట్ల చూడాలె? రెండు రోజులు ఫోన్ల వెతికిన. స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటదట, అండ్ల అగ్గిపెట్టెంత స్కానర్ పెడితే, బండి తన బాధ ఏందో మన ఫోనుకు చెప్తదట. తెప్పిచ్చుకున్న. అది వచ్చిన రోజు సాయంత్రం బడి నుంచి వస్తనే సంచి అరుగు మీద పడేసి, సీటు కింద తలవెట్టి సాకెట్ వెతికిన. నా కాళ్లు బయట, తల లోపట. అమ్మ వాకిట్లకొచ్చి, "యేసయ్యా, ఏమైందే?" అని లబలబలాడింది.

ఫోను తెర మీద ఒక కోడ్ వచ్చింది. పీ సున్న ఒకటి ఒకటి ఎనిమిది. దాని కింద రాసుంది, కూలెంట్ టెంపరేచర్ సెన్సార్, సర్క్యూట్ హై అని. ఇంజిన్‌ను సల్లవరిచే నీళ్ల వేడి కొలిచే ముక్క అన్నట్టు. హై అంటే ఇంజిన్ మస్తు వేడెక్కిందని అనుకున్న. లోపట ఏదో కాలుతాందని బాపును అరుగు మీది నుంచి ఇంట్లకు పొమ్మన్న. మళ్ల అదే ఫోన్ల వేడి ఎంతుందో చూస్తే మైనస్ నలభై డిగ్రీలు అని చూపిస్తాంది.

"ఎంతున్నది?" బాపు.

"సున్న కంటె నలభై తక్కువ."

"అంటే?"

"అంటే మంచు కంటె సల్లగ. హిమాలయాలల్ల గూడ గంత సలి ఉంటదో ఉండదో."

బాపు తువ్వాలతోని మెడ మీది చెమట తుడుసుకుంట నవ్వుడు మొదలువెట్టిండు. మా ఊర్ల సలికాలంల గూడ స్వెటర్లు బీరువ దాటి బయటికి రావు. ఆయన నవ్వితే నేను నవ్విన, నాకు నవ్వు ఆగక స్టీరింగు మీద తలవెట్టిన. హారన్ మోగింది. పక్కింటోళ్లు బయటికొచ్చిండ్రు.

నవ్వు తగ్గినంక బుర్ర పనిచేసింది. బండి లోపట ఉన్న కంప్యూటర్, ఇంజిన్ గడ్డకట్టిందని నమ్ముతాంది. సలికి గజగజ వణుకుతున్నదనుకొని పెట్రోల్ ఎక్కువ పోస్తాంది, అందుకే నల్ల పొగ. మళ్ల ఆ లెక్క మీద దానికే నమ్మకం లేక, ఎందుకైన మంచిదని ఫ్యాను గూడ తిప్పుతాంది. హై అంటే వేడి కాదు, కరెంటుకు తొవ్వ తెగిందన్నట్టు. పదిహేనేండ్ల సంది బోర్డు మీద నిరోధం, నిరోధం అని రాస్తున్న. పిల్లలతోని వందసార్లు చెప్పిచ్చిన. ఒక్కసారన్న దాన్ని చేతుల పట్టుకొని చూడలే.

ముందుగాల నేను చేసిన పని మాత్రం తెలివితక్కువ పని. ఫోన్ల "కోడ్ చెరిపెయ్యి" అని ఒక బటన్ ఉండె. ఒత్తిన. లైటు ఆరిపోయింది! ఇంట్లకు ఉరికి అమ్మతోని చాయ్ పెట్టిచ్చిన, మా ఆయనకు ఫోన్ చేసి బండి బాగుచేసిన అని గొప్పలు చెప్పిన. తెల్లారి తాళం తిప్పితే లైటు మళ్ల వెలిగింది. బాపు కుర్చీలకెళ్లి, "ఫ్యూజు పోయిన ఇంట్ల కరెంటు బుగ్గ మార్చినట్టుంది" అని ఊరుకున్నడు.

ఆదివారం ప్రార్థన అయినంక అసలు పనికి దిగినం. బాపు వంగలేడు గనక కుర్చీ తెచ్చి బండి ముంగట ఏసిన. ఆయన చెప్పాలె, నేను చెయ్యాలె. బండి సల్లగ ఉన్నప్పుడే విప్పాలె, లేకపోతే వేడినీళ్లు మొకం మీద ఎగజిమ్ముతయని ఆయన రెండుసార్లు చెప్పిండు. ఆయన పాత పానాల డబ్బ మంచం కిందికెళ్లి తీసినం. సెన్సార్ అంటే ఎంతో ఉంటదనుకున్న, బొటనవేలంత ఇత్తడి ముక్క. దాన్ని పట్టుకొని నేను వంటింట్లకు పోయి, పొయ్యి మీద గిన్నెల నీళ్లు పెట్టిన. బడి నుంచి తెచ్చిన మల్టీమీటర్, థర్మామీటర్ పక్కన పెట్టుకున్న.

అమ్మ వచ్చి గిన్నె దిక్కు చూసింది. "అది పాల గిన్నె."

"కడిగిస్తనే అమ్మా."

"ఇంజిన్ల ముక్కను పాల గిన్నెల ఉడకవెడ్తవా? నిన్ను సదివిచ్చింది గిందుకా?"

"నువ్వు జర గీ అంకె సదువు. నా రెండు చేతులు ఖాళీ లేవు."

అమ్మ నాలుగో తరగతి దాంక సదివింది. కొంగుతోని కండ్లు తుడుసుకొని మీటరు మీదికి వంగింది. "రెండువేల మూడువందలు" అన్నది. నీళ్లు కాగుతున్న కొద్ది అంకె దిగుకుంట వచ్చింది. "వెయ్యి... ఎనిమిది వందలు... గిది ఆగుత లేదే పిల్లా! అయిదువందలు... మూడువందల ఇరవై!" అమ్మ గొంతు పెరిగింది. బయట నుంచి బాపు "ఎంత? ఎంత?" అని అరుస్తున్నడు. అమ్మ కిటికీల నుంచి లెక్క చెప్తాంది. వేడి పెరిగితే నిరోధం తగ్గాలె, తగ్గింది. సెన్సార్ బంగారం లెక్క ఉన్నది. మూడు వారాలు ఆగి కొత్తది తెప్పిచ్చినా బండి మైనస్ నలభైలనే ఉండేదన్నట్టు.

ఆ గిన్నెల అమ్మ మళ్ల పాలు కాయలే. అది నాకే ఇచ్చింది. మరుసటేడు పదో తరగతి పిల్లలకు ఆ గిన్నె, ఇంకో పాత సెన్సార్ పెట్టి ఇదే చూపిచ్చిన. అంకె దిగుతుంటే పిల్లలు అమ్మ లెక్కనే అరిసిండ్రు, పక్క క్లాసు తెలుగు సారు ఏమైందని ఉరికొచ్చిండు.

సెన్సార్ను మళ్ల బిగిచ్చి, తగ్గిన కూలెంటు పోసినంక బాపు, "ఇప్పుడు వైరు సంగతి చూడు" అన్నడు. "స్టార్టర్ కాడ అనుమానమొస్తే మేము రెండు కొసలు కలిపి చూసేది. ఇండ్ల గట్ల చెయ్యొచ్చా?"

ఫోన్ల చూసిన, ఈ సెన్సార్‌కైతే చెయ్యొచ్చట. సెన్సార్ మీది సాకెట్ పీకి, దాని రెండు రంధ్రాలను చిన్న తీగతోని కలిపిన. తొవ్వ మంచిగుంటే ఫోన్ల అంకె ఒక్కసారి పైకి దుంకాలె. దుంకలే. మైనస్ నలభై మైనస్ నలభైనే.

బాపు కుర్చీల నిటారుగ కూసున్నడు. ఆయన ఎప్పుడైన నిటారుగనే కూసుంటడు, వంగరాదు గనక. గని ఆ రోజు ఆ కూసునుడుల ఒక ఠీవి ఉండె. "దొరికింది. వైరే. పట్టుకొని ఎంబడి పో."

పోయిన. ఆ రెండు సన్నటి వైర్లు నల్ల గొట్టంల దూరి బ్యాటరీ కిందికి పోయినయి. బ్యాటరీ విప్పి ఎత్తి పక్కన పెట్టిన. దాని కింద చూసి, "ఓ బాపు!" అన్న.

అండ్ల ఒక సంసారం ఉన్నది. పత్తి పింజలు మెత్తగ పరిసి ఉన్నయి, పక్కపొంటి పిడికెడు కందులు, నా చేతిగుడ్డ ముక్క ఒకటి. ఎలుక మాత్రం లేదు. మా ఎనక గదిల పత్తి, కందులు పోసుంటయి, బండి ఆ గోడకే ఆనిచ్చి పెడ్తం. ఎలుకకు మెత్తటి పరుపు, ఎచ్చటి ఇల్లు, తిండి, అన్ని ఒక్కకాడ దొరికినయి. పండ్లు ఊరికె ఉండక వైరు కొరికింది. ఒక వైరు మొత్తం తెగింది.

అమ్మకు ఎలుక మీద కోపం రాలే. "పాపం, ఎంత సింగారంగ పెట్టుకుంది" అన్నది. కందులు కోళ్లకు ఏసింది.

వైర్లు అతికిచ్చుడు నాకు చేతగాదు. బాపుకు వస్తది, ఆయనేమో వంగలేడు. ఆయన పాత సోల్డరింగ్ ఐరన్ తెచ్చి నా చేతికిచ్చిండు. "సీసాన్ని కాలవెట్టకు. ముందు వైరును వేడి చెయ్యి. వైరు వేడెక్కితే సీసం దానంతట అదే కారి పట్టుకుంటది." మొదటిసారి సీసం గోలీ లెక్క ఉండ కట్టి కింద పడ్డది. రెండోసారి వేలు కాలింది. మూడోసారి సీసం నీళ్ల లెక్క మెరిసి తీగల మధ్యకు పారింది. బాపు కుర్చీల నుంచి కనవడక, "పట్టిందా? పట్టిందా?" అని అడుగుతున్నడు.

"పట్టింది."

టేపు సుట్టి, బ్యాటరీ బిగిచ్చి, తాళం తిప్పిన. ఇంజిన్ సప్పుడు మెత్తగ ఉన్నది. పొగ లేదు. ఫ్యాను తిరుగుత లేదు. ఫోన్ల ముప్పై ఒకటి. మర్రిగూడ వేడి! ముప్పై అయిదు, నలభై, యాభై. బాపుకు ఫోన్ ఇచ్చిన. ఆయన అంకెలు సదువుకుంట పోయిండు. తొంభై దాటినంక ఫ్యాను తిరిగింది, జరసేపటికి ఆగింది. అప్పుడు కోడ్ చెరిపేసిన. పసుపు లైటు ఆరింది, తెల్లారి రాలే, ఆ తర్వాత గూడ రాలే.

లైటు ఆరుడు చూసి బాపు పానాల డబ్బ మూసిండు. తర్వాత, "ఆడపిల్లవని నిన్ను మోటర్ల షాపుల కూసుండనియ్యలే. కూసోవెడితే నాకంటె మంచి మేస్త్రివి అయ్యేటిదానివి" అన్నడు. నేను ఎంఎస్సీ పాసైన రోజు గూడ ఆయన గంత పెద్ద మాట అనలే.

రెండో శనివారం పొద్దుగాలనే బయలెల్లినం. కల్వకుర్తి మీదికెళ్లి జడ్చర్లకు పోయి, బెంగుళూరు తొవ్వ పట్టినం. బాపు ముంగటి సీట్ల కూసోని ఫోన్ చేతుల పట్టుకొని తొవ్వంత అంకెలు చెప్పిండు. "ఎనభై ఎనిమిది. తొంభై. తొంభై ఒకటి, జర మెల్లగ పో. ఎనభై తొమ్మిది, ఇప్పుడు మంచిగుంది." జడ్చర్ల కాడ ఆగి మిర్చీలు తిన్నం. అప్పుడు గూడ ఫోన్ జేబుల పెట్టలే.

కొత్తకోటల అత్త ఇంటి ముంగట బండి ఆపి, బాపును మెల్లగ దించిన. అత్త గడప కాడ నల్లద్దాలు పెట్టుకొని నిలవడ్డది. బాపును చూసి అద్దాలు తీసింది. దగ్గరకొచ్చి రెండు చేతులతోని ఆయన మొకం పట్టుకొని ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అత్త గూడ ఏడుస్తదేమో అనుకున్న.

"గింత ముసలోనివైనవేందిరా?" అన్నది. "మూతి గిట్లెప్పుడైంది నీకు?"

బాపు గుడ్లు మిటకరిచ్చిండు. "ఏమక్కా, నీకు కండ్లు రాకముందే మంచిగుండె గదా!"

అత్త పకపక నవ్వింది, బాపు నవ్విండు. గడపల నిలవడి ఇద్దరు ఒకల భుజం ఒకలు పట్టుకొని నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నరు. నన్ను గూడ వదల్లే. "నీ తలల గన్ని తెల్లెంట్రుకలేంది కోడలా? రంగు ఎయ్యరాదు?" అన్నది. బువ్వ తిన్నంక అత్త ఇంటి ముచ్చట్లు, ఒంటి నొప్పుల ముచ్చట్లు, సచ్చిపోయినోళ్ల ముచ్చట్లు అన్ని అయినయి. మూడు గంటలకు పోతమంటే అత్త లోపటికి పోయి సంచి పట్టుకొచ్చింది.

"నేను గూడ వస్తున్న. పది రోజులుంట. నీ పెండ్లాన్ని చూడలే ఇంకా."

అత్త ముంగట కూసుంటనన్నది. కొత్త కండ్లతోని తొవ్వ చూడాలెనట. బాపును ఎనక సీట్లకు పంపిచ్చిన. కొంచెం దూరం పోయినంక అద్దంల చూస్తే ఆయన ఫోన్ చెవు కాడ పెట్టుకొని గుసగుస మాట్లాడుతున్నడు. అమ్మతోని. "అక్క వస్తాంది. కొత్త కండ్లతోని వస్తాంది. ఆమెకు అంతా కనవడ్తాంది. మంచి చీర కట్టుకో. తల దువ్వుకో. నేను చెప్పలేదనకు."

పొద్దు గూకకముందే ఇల్లు చేరినం. అమ్మ వాకిట్ల నిలవడ్డది. క్రిస్మస్‌కు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది, మొకానికి పౌడర్ గూడ రాసింది. అత్త కారు దిగి అమ్మను నిలువెల్ల చూసింది. బాపు డోరు పట్టుకొని ఎట్లుంటదో అని చూస్తున్నడు. నేను గూడ తాళం తియ్యకుంట ఆగిన.

"ఓ పిల్లా" అన్నది అత్త, "నువ్వు గట్లనే ఉన్నవ్. పెండ్లినాడు ఎట్లుంటివో గట్లనే ఉన్నవ్!"

అమ్మ సిగ్గుతోని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు మొత్తం మనిషి తిరిగి నన్ను చూసి, "దవాఖానోళ్లు ఆపరేషన్ సగమే చేసిండ్రు బిడ్డా" అన్నడు.